హల్దియాపదర్ గొడౌనులో ఇటలీ బండి

ఫాల్గుణంలో అడవుల నుంచి దిగిన చింతపండు ఆషాఢం దాకా గొడౌనులో కదలకుండా కూర్చుంటే చాలు, కిలోకి నాలుగైదు రూపాయలు దానంతటదే సంపాదించుకుంటుంది. దానికి జీతం ఇవ్వక్కర్లేదు, తిండి పెట్టక్కర్లేదు, జ్వరమొస్తే డాక్టరుకి చూపించక్కర్లేదు. బరంపురం పెద్దబజారులో మూడు తరాలుగా చింతపండు టోకు వ్యాపారం చేస్తున్న ఇంట్లో పుట్టిన ఢిల్లీశ్వరరావు, లోకంలో కొనగలిగిన ప్రతి వస్తువూ ఇలాగే ఉంటుందని యాభై మూడేళ్ళ వయసు వరకు నమ్మాడు. ఆ నమ్మకం మీదే ఇటలీలో తయారైన పందెపు కారొకటి, పదమూడేళ్ళ పాతది, హైదరాబాదులో కొన్నాడు.

కార్ల మీద ఆయనకు మోజేమీ లేదు. ఆ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే ఆయన్ని అపార్థం చేసుకుంటారు. ఆయనకి కారు నడపడం రాదు. స్కూటరు కూడా ఒక చేత్తో గుడ్డసంచీ పట్టుకుని నడిపేవాడు. హైదరాబాదులో చుట్టాల పెళ్ళికి వెళ్ళి, అక్కడ ప్లాట్లు అమ్మి చితికిపోయిన ఒకాయన తన బండిని తెగనమ్ముతున్నాడని విన్నాడు. కొత్తదైతే మూడు కోట్లు. ఇప్పుడు యాభై ఎనిమిది లక్షలు. అంతే, ఆ రాత్రి ఆయనకి పెళ్ళి భోజనం దిగలేదు.

"గురువుగారూ, మూడు కోట్ల సరుకు యాభై ఎనిమిదికి దిగిపోయింది. ఇంతకన్నా దిగదు. దిగనిదాన్ని కొనీసి ఊరుకోవాలి. ఇందులో బుర్ర పెట్టాల్సిందేటుంది?" అని నాకు వివరించాడు. నేను తిరుగుళ్ళ మధ్య బరంపురం వచ్చినప్పుడల్లా ఆయన దుకాణం మీది అటకలో దిగుతాను. అద్దె తీసుకోడు కాబట్టి ఆయన చెప్పేది వినడం నా బాధ్యత.

కొన్న బండిని ఎక్కడ పెట్టాలి? పెద్దబజారు సందులో రెండు ఆవులు ఎదురుపడితే ఒకటి వెనక్కి నడవాలి. అందుకని ఊరి పక్కన హల్దియాపదర్‌లో ఉన్న గొడౌనులో సగం ఖాళీ చేయించి పెట్టాడు. ఆ గొడౌను ఆయన తండ్రి కట్టించి, కోడలు కమలాకుమారి పేర రాశాడు. పన్నుల లెక్క కోసమని అప్పట్లో అన్నారట. కొడుకుని ఆ పెద్దమనిషి బాగా ఎరుగునని నా అనుమానం. ఈ కథలో పోతుందా, నిలుస్తుందా అని చూడాల్సిందల్లా ఆ గొడౌనే. ఆ ఇంటికి నిజంగా అన్నం పెడుతున్నది అదొక్కటే.

బండికి రెండే సీట్లు. నడపడానికి అప్పలస్వామి అని, పలాస నుంచి జీడిపప్పు లారీ తోలిన మనిషిని పెట్టుకున్నాడు. దాంతో ఒక సీటు అయిపోయింది. రెండో దాంట్లో సావుకారు. ఇక భార్యకి చోటు లేదు. కాబట్టి ఎక్కడికైనా శుభకార్యానికి వెళ్ళాలంటే మొగుడు మూడు కోట్ల బండిలోనూ, పెళ్ళాం వెనకాల ఆటోలోనూ బయల్దేరేవారు. బండి పొట్ట నేలకి జానెడు ఎత్తు కూడా ఉండదు. మన ఊళ్ళలో ప్రతి ఇంటి ముందూ ఎవరికి వారు సొంత సిమెంటుతో పోసుకున్న స్పీడ్ బ్రేకరు ఉంటుంది. ఇచ్ఛాపురం నుంచి ఖల్లికోట దాకా ఏ ఊళ్ళోనైనా చూడండి, మనుషుల ప్రతిష్ఠ వాళ్ళ గుమ్మం ముందున్న గడ్డ ఎత్తుని బట్టి తెలుస్తుంది. అలాంటిది ఎదురైనప్పుడల్లా అప్పలస్వామి దిగి, వొంగి కింద చూసి, మళ్ళీ ఎక్కి, అడ్డంగా వాల్చి దాటించేవాడు. కమలాకుమారి ఆటో ముందే చేరిపోయేది. ఆవిడ టీ తాగేసి వీధి గుమ్మంలో నిలబడి, "ఒచ్చీసారా? ఇటలీ నుంచే ఒస్తన్నారనుకున్నాం" అని ఎదురొచ్చేది.

బండి నడిస్తే ఖర్చు సరే. లీటరు పెట్రోలుకి నాలుగు కిలోమీటర్లు, అదీ ఖరీదైన రకం పెట్రోలు. దానికి ఆయన సిద్ధపడ్డాడు. "నడపకుండా ఉంటే మిగిలిపోద్ది" అని ఉపాయం కూడా ఆలోచించాడు. గొడౌనులో గుడ్డ కప్పి నెల రోజులు ఉంచాడు. నెల తరవాత బండి పలకలేదు. బ్యాటరీ చచ్చిపోయింది. హైదరాబాదు వర్కుషాపులో అనుదీప్ అనే కుర్ర ఇంజనీరుకి ఫోన్ చేశాడు. ఆ ఫోన్ స్పీకర్లో పెట్టి మాట్లాడుకోవడం నేను విన్నాను.

"సర్, ఊరికే పెట్టినా కూడా చార్జర్ పెట్టి ఉంచాలి సర్. ఎప్పుడూ."

"ఎప్పుడూ అంటే?"

"ఎప్పుడూ సర్. టైర్లు కూడా మార్చాలి, నాలుగూ. రెండు లక్షల డెబ్భై అవుతుంది."

"అరగనేదు గదా బాబూ. గీతలు కొత్తవాటిలాగే ఉన్నాయి."

"వయసైపోయింది సర్. ఆరేళ్ళు దాటితే రబ్బరు గట్టిపడిపోతుంది."

"వయసు సూసి మార్చాలంటే ముందు నన్నే మార్చాలి. సరే, బండి పాతది గదా, నువ్వు కూడా పాత రేటే ఏసుకో."

ఆ పిల్లవాడు నెమ్మదస్తుడు. "సర్, బండి పాతదైనా స్పేరు పార్టులు కొత్తవే కద సర్. మీరు యాభై ఎనిమిది లక్షలకి కొన్నారు నిజమే. కానీ మీరు పోషిస్తున్నది మూడు కోట్ల బండిని."

ఇంత చక్కటి వాక్యం ఏ అర్థశాస్త్రం పుస్తకంలోనూ నా కంట పడలేదు. ఢిల్లీశ్వరరావుకి మాత్రం అది కుర్రవాడి పొగరులా వినిపించింది.

చార్జరు పెట్టాడు. కరెంటు పోతుంటుంది కాబట్టి చార్జరుకి ఇన్వర్టరు కొన్నాడు. వానలు పడగానే తోలు సీట్ల మీద తెల్లటి బూజు పట్టింది. సముద్రపు గాలి, ఎనిమిది మైళ్ళ దూరం నుంచి వస్తుంది, అడ్డుపెట్టడానికి లేదు. గొడౌనుకి రెండు ఏసీలు బిగించాడు. ఆ ఏడాది గంజాం జిల్లాలో ఏసీలో పెరిగిన చింతపండు ఆయనొక్కడి దగ్గరే ఉండి ఉంటుంది. అది ఎండి బరువు తగ్గింది. బరువు తగ్గిన చింతపండు వ్యాపారికి ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. తెలంగాణ నంబరు మార్చి ఒరిస్సా నంబరు తీసుకోవడానికి మళ్ళీ పన్ను. బీమాకి ఏటా నాలుగు లక్షలు. ఆ డబ్బు ఆయన ఎవరికో పెళ్ళి చదివింపులు చదివిస్తున్నట్టు మొహం పెట్టి కట్టేవాడు.

దసరాకి బండికి పూజ చేయాలన్నారు. ఇక్కడ ఆయన చేసిన పని చింతపండు వ్యాపారి తప్ప మరొకడు చేయలేడు. ఇంట్లో ఇత్తడి బిందెలు దేంతో తోముతారు? ఆయన స్వయంగా మేలు రకం గింజ తీసిన పండు రెండు కిలోలు నానబెట్టించి, ఉప్పు కలిపి, బండి చక్రాలు నాలుగూ గంటన్నర సేపు తోమించాడు. పొద్దున్న అద్దంలా మెరిశాయి. సాయంత్రానికి బొల్లి మచ్చలు తేలాయి. అనుదీప్‌కి ఫొటోలు పంపితే ఆ పిల్లవాడు ముందు నమ్మలేదు. "ఏం కెమికల్ వాడారు సర్?" అని అడిగాడు. "కెమికలేటి, తిండివస్తువే" అన్నాడీయన. చక్రం ఒక్కింటికి లక్షా ఎనభై వేలు.

తప్తపాని ఘాటు రోడ్డు మీద ఒకసారి నాకు ఒక మావటివాడి మనవడు తగిలాడు. వాళ్ళ తాత పనిచేసిన చిన్న జమీందారు, దివాలా తీసిన ఇంకో జమీందారు ఏనుగుని వేలంలో చవగ్గా కొన్నాడట. ఏనుగు బెల్లమూ నెయ్యీ తింటుంటే జమీందారు తలుపులు మూసుకుని గంజి తాగేవాడట. ఆ కథ విని నేను పది మైళ్ళు నవ్వుకుంటూ నడిచాను. తరవాత ఆలోచిస్తే ఆ జమీందారే నయమనిపించింది. ఏనుగు మీద కనీసం పెళ్ళాం పిల్లలతో కలిసి ఎక్కొచ్చు.

అయినా బండి పోతుందని కాని, గొడౌను పోతుందని కాని ఎవరూ అనుకోలేదు, ఠాకురాణి అమ్మవారి యాత్ర వచ్చేదాకా. రెండేళ్ళకొకసారి బరంపురంలో జరిగే ఆ యాత్రకి ఊళ్ళో మొక్కులు లేనివాడుండడు. ఢిల్లీశ్వరరావు బండి క్షేమంగా ఉంటే అమ్మవారి ముందుకు తెచ్చి చూపిస్తానని మొక్కుకున్నాడు. మొక్కు చెల్లించే పద్ధతి మనకి తెలిసిందే. ముందు డప్పులు, ఆ వెనక ఆడవాళ్ళు పసుపు నీళ్ళ చెంబులతో, ఆ వెనక మొక్కున్న వస్తువు. బండి డప్పుల వెనక నడిచింది. మూడు కిలోమీటర్లు, రెండున్నర గంటలు, మనిషి నడక కన్నా నెమ్మదిగా. రెండు వందలకి పైగా వేగంతో పరిగెత్తడానికి తయారుచేసిన యంత్రం అడుగులో అడుగేస్తూ, ఆగుతూ, కదులుతూ, ఆగుతూ పోయింది. సగం దారిలో కాలిన వాసన వచ్చింది.

"సావుకారూ, క్లచ్చి కాలిపోతన్నాది. ఆపీమంటారా?" అని అప్పలస్వామి అడిగాడు.

"గుగ్గిలం వాసన్రా అది. నడుపు."

గుగ్గిలం కాదని అమ్మవారికి తెలుసు. క్లచ్చికి ఎనిమిదిన్నర లక్షలు, లారీ మీద హైదరాబాదు పంపడానికి, తేవడానికి ఒకటిన్నర. ఇంజను బయటికి తీసినప్పుడే చేయించాల్సిన పనులని అనుదీప్ ఇంకో జాబితా చదివాడు. అన్నీ కలిపి పంతొమ్మిది లక్షలు. అప్పటిదాకా గల్లాపెట్టెలోంచి తీసిన డబ్బు అయిపోయింది. అప్పుడు ఢిల్లీశ్వరరావు చూపు గొడౌను మీద పడింది. హల్దియాపదర్‌లో టైల్స్ దుకాణం పెట్టుకోవాలని ఒకాయన ఎప్పటినుంచో అడుగుతున్నాడు.

"బండి అమ్మీండి. గొడౌను ఎందుకు?" అంది కమలాకుమారి. నేను అప్పుడు వాళ్ళింట్లో భోజనం చేస్తున్నాను.

"ఇప్పుడు అమ్మితే ఇరవై కూడా రాదు. బాగు సేయించి ఉంచితే రెండేళ్ళలో ధర లేస్తాది."

"చింతపండా, లెగడానికి?"

"నీకు సరుకు సంగతి తెలీదు."

ఆవిడ కళ్ళు మూసుకుని వాసన చూసి చింతపండు ఏ అడవిదో చెప్పగలదు. నా విస్తట్లో కూర వడ్డించింది. కొనేవాడి వకీలు ఛత్రపూర్ కోర్టులో ఉంటాడు. బయానా కాగితం రాసి సంతకాలు పెట్టడానికి అక్కడికి రమ్మన్నాడు. సంతకం కమలాకుమారిది, సాక్షి సంతకం నాది.

ఆ రోజు ఢిల్లీశ్వరరావు బండిలోనే బయల్దేరాడు. కాలిన క్లచ్చికి ఇంకా కాస్త పట్టు మిగిలుంది కాని, కదిలించొద్దని అనుదీప్ కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఈయన వినలేదు. కారణం కూడా వ్యాపారానిదే. అవసరంలో ఉన్నవాడని కొనేవాడికి తెలిస్తే రేటు విరగ్గొడతాడు. అందుకని బండి బాగుకోసం గొడౌను అమ్మేవాడు, అవసరం లేదన్నట్టు కనిపించడానికి, బాగులేని ఆ బండిలోనే వెళ్ళాలి. ఈ తర్కాన్ని నేను రెండుసార్లు చెప్పించుకున్నాను, రెండుసార్లూ అర్థమైంది, అదే భయం.

కమలాకుమారి, నేను బస్సెక్కాం. సన్నగా వాన. సగం దారిలో రోడ్డు పక్కన జనం మూగి ఉన్నారు. మధ్యలో పసుపుపచ్చ బండి. వెనక ఉన్న ఇంజను మూత ఎత్తి అప్పలస్వామి అందులోకి తల దూర్చాడు. మోటారు సైకిళ్ళు ఆపుకుని కుర్రాళ్ళు బండితో ఫొటోలు దిగుతున్నారు. పట్టు కండువా తడవకుండా గొడుగు పట్టుకుని సావుకారు నిలబడ్డాడు, పోయినవారి పక్కన నిలబడ్డట్టు.

కండక్టరు ఆయన్ని ఎరుగును. "మావుసీ, ఆపమంటారా?" అని, ఒరియాలో పిన్ని వరస కలిపి, ఈవిడని అడిగాడు.

"ఎందుకూ? మనం ఆగితే ఆ బండికి అవమానం. ఎనకాల్నుంచి ఒచ్చి మనల్ని దాటీగలదు" అని ఆవిడ కిటికీ అద్దం మూసేసింది. ఛత్రపూర్ చేరేలోగా చేతిసంచీలో ఉన్న గొడౌను దస్తావేజుని పైనుంచి రెండుసార్లు తడిమి చూసుకుంది.

వకీలు ఇంకా రాలేదు. కొనేవాడూ రాలేదు. కోర్టు వరండాలో కూర్చున్నాం. వరండా కిక్కిరిసి ఉంది కాని ఒక బెంచీ మాత్రం ఖాళీ. ఆ చివర ఒక ఆడమనిషి వెదురు బుట్ట పెట్టుకుని కూర్చుంది. బుట్టలో ఎండుచేపల వాసన. జనం అందుకే దూరంగా ఉన్నారు. కమలాకుమారి నేరుగా వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.

ఆమె పేరు కన్నమ్మ, ఆర్యపల్లి. పచ్చిచేపలు కొని, ఎండబెట్టి, బరంపురం సంతలకీ, పైన కొండ ఊళ్ళకీ పంపుతుంది. తుఫానుకి షెడ్డు రేకులు ఎగిరిపోయాయి. పరిహారం కాగితం కోసం ఏడాదిగా ఛత్రపూర్ తిరుగుతోంది. బుట్ట ఎందుకంటే, కాగితం కదిపే గుమాస్తాకి ఎండురొయ్యలంటే ఇష్టమట.

"కాగితం కోసం కాదమ్మా నా గోల. వానకాలం సరుకు పెట్టుకోడానికి పొడి గది నేదు. పోయినేడు పన్నెండు మూటలు పురుగట్టీసినాయి. బరంపురం పక్కన ఏ గొడౌనోడినడిగినా ముక్కు మూసుకుంటన్నాడు."

కమలాకుమారి కాసేపు కోర్టు గోడకేసి చూసింది. "ఎంత చోటు కావాలి?" అంది.

"లారీ సరుకు పట్టాల. మీకు తెలిసినోలెవులన్నా ఉన్నారేటి?"

"హల్దియాపదర్‌లో ఉంది. సగం గొడౌను. గచ్చు ఎత్తుగా ఉంటాది, నీరెక్కదు. రెండు ఏసీలు కూడా ఉన్నాయి."

"ఏసీలా? సేపలకా?"

"అంతకన్నా పనికిమాలిన దానికి పెట్టారులే. నెలకెంతిస్తావు?"

కన్నమ్మ ఆవిణ్ణి పైనుంచి కింద దాకా చూసింది, నల్లపూసలు, కుంకుమబొట్టు, పట్టంచు చీర. "మీరు సావుకార్లు గదమ్మా, నీసు ముట్టనోలు. మీ గొడౌనులో సేపలు పెట్టనిస్తారా?"

"చింతపండు నువ్వు దేంట్లో ఏస్తావు?"

"సేపల పులుసులోన."

"మరింకేటి. మూడు తరాలుగా మా సరుకంతా ఎల్లిందీ సేపల పులుసులోకే. డబ్బు తీసుకున్నప్పుడు మావోళ్ళెవరూ ముక్కు మూసుకోనేదు."

బేరం గంటసేపు సాగింది. అలాంటి బేరం వినడం కోసం నేను చాలా ఊళ్ళు తిరిగాను, అందుకని పక్కకి జరగలేదు. పద్దెనిమిది వేల దగ్గర మొదలై ఇరవై నాలుగు వేల దగ్గర ఆగింది. మూడు నెలలు ముందుగా. చింతపండున్న సగానికీ చేపల సగానికీ మధ్య గోడ కన్నమ్మ ఖర్చు మీద. కమలాకుమారి లేచి, టైపు మిషను ముందు కూర్చున్న ముసలాయన దగ్గరికి వెళ్ళి కొత్త స్టాంపు కాగితం కొని అద్దె కాగితం రాయించింది. మూడేళ్ళకి. ఆవిడ సంతకం, కన్నమ్మ వేలిముద్ర, కింద సాక్షిగా నేను. సాక్షి సంతకానికే కదా నన్ను తీసుకొచ్చింది.

ఢిల్లీశ్వరరావు తొమ్మిదిమంది ఎక్కిన ఆటోలో, ఒక కాలు బయట పెట్టుకుని దిగాడు. బండిని ట్రాక్టరుకి తాడు కట్టి అప్పలస్వామి వెనక్కి తీసుకెళ్తున్నాడట.

"కాగితం అయిందా?" అన్నాడు.

"అయింది" అని ఆవిడ చేతికిచ్చింది.

ఆయన చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. "ఎండుసేపలా? మన గొడౌనులోనా? ఊళ్ళో నా పరువేటవుతాది?"

"పరువు రోడ్డు పక్కన వానలో నిలబడి ఉండగా బస్సులోంచి సూసే ఒచ్చాను. మీ బండి ఒచ్చి పద్నాలుగు నెల్లయింది. నెలకో పైసా ఇచ్చిందా? ఈ మనిషి ఇస్తాది."

"కొనేవాడొస్తాడు. ఏం సెప్పాలి?"

"గొడౌను అద్దెకి పోయిందని సెప్పండి. ఎండుసేపలు వేసిన గొడౌను టైల్స్‌కి కొంటాడేమో కనుక్కోండి."

కొనేవాడు వచ్చాడు, విన్నాడు, కాఫీ కూడా తాగకుండా పోయాడు. ఢిల్లీశ్వరరావు ఆ బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాడు. గొడౌను ఆవిడది, సంతకం ఆవిడది, కాగితం మీద స్టాంపు ప్రభుత్వానిది.

బండి పెట్టుకోవడానికి చోటు లేకపోయింది. అనుదీప్ వర్కుషాపు వాళ్ళే విడిభాగాల కోసం ఇరవై రెండు లక్షలకి తీసుకున్నారు. కొన్నది, అమ్మింది, మధ్యలో పోసింది అన్నీ లెక్క చూస్తే ఢిల్లీశ్వరరావుకి యాభై ఏడు లక్షలు పోయాయి. బండి ఆయనతో నడిచింది ఆరు వందల నలభై కిలోమీటర్లు. కిలోమీటరుకి దగ్గరదగ్గర తొమ్మిది వేలు. విమానం సంగతి వదిలేయండి, పల్లకీ మోసేవాళ్ళకి కూడా ఎవరూ ఇంత ఇచ్చి ఉండరు. పెద్దబజారులో అడిగితే మాత్రం, "ధర పడిపోక ముందే దించీసాను" అని చెప్తున్నాడు. వినేవాళ్ళు తలూపుతున్నారు, ఎందుకంటే వాళ్ళ దగ్గరా అలాంటి సరుకు ఏదో ఒకటి ఉంటుంది.

శ్రావణంలో బండిని తీసుకెళ్ళే లారీ వచ్చిన రోజునే కన్నమ్మ మొదటి లోడు వచ్చింది. తోలుకొచ్చింది అప్పలస్వామే. కన్నమ్మ మినీలారీలో ఇప్పుడు అతనికి పని దొరికింది, అందులో ముగ్గురు కూర్చోవచ్చని గర్వంగా చెప్పాడు. గోనెమూటలు లోపలికి వెళ్తున్నాయి. ఢిల్లీశ్వరరావు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కాసేపటికి రుమాలు కొంచెం కిందికి దిగింది.

"ఏమ్మా, ఎండురొయ్య ఇప్పుడు క్వింటా ఎంత?"

కన్నమ్మ చెప్పింది.

"కార్తీకం ఎల్లాక?"

అదీ చెప్పింది. ఆయన రుమాలు జేబులో పెట్టుకున్నాడు. మూటకేసి ఒక అడుగు వేశాడు, వొంగాడు, కుట్టు దగ్గర వేలు పెట్టి ఒక రొయ్య బయటికి లాగి వెలుతురులో తిప్పి చూశాడు. "ఇది కదలకుండా ఉంటే నాలుగు నెలల్లో అంత పెరుగుద్దా?" అని, నాకేసి తిరిగాడు. ఆ కళ్ళలో హైదరాబాదు పెళ్ళినాటి వెలుగు.

కమలాకుమారి లోపల గోడ కట్టే మేస్త్రీతో మాట్లాడుతోంది. మాట మధ్యలో ఆపి వచ్చి, ఆయన చేతిలోంచి రొయ్య తీసి మూటలో పడేసి, చెయ్యి చాపింది.

"గొడౌను తాళంచెవి ఇలా ఇవ్వండి. రెండోది కూడా."